ట్యాంకులో ఏ నీళ్లున్నాయో ఎవరు చెప్పాలె?

(జర్మనీలోని తెలంగాణ ప్రవాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను రాజకీయ ఉపన్యాసకుణ్ని కాను. పగలంతా క్లయింట్ల సర్వర్లు చూసుకునే ఐటీ కన్సల్టెంట్‌ను. ఇంజనీరింగ్ చదివిన కాబట్టి చేతుల దురద పోలేదు, సాయంత్రాలు టంకం పెట్టుకొని కూర్చుంటా. ఈ మధ్య ఏం చేస్తున్నవంటే నీళ్ల సెన్సార్లు చేస్తున్నా అని చెప్పిన. అయితే సభలో మాట్లాడు అన్నరు. కాబట్టి ఈ పూట కరెంటు తీగలు, ఉప్పు నీళ్లు, కొంచెం రాజకీయం.

రాజకీయంతోనే మొదలుపెడతా. మనలో పెద్దోళ్లకు యాదికి ఉండొచ్చు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డరు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. వాళ్లలో చాలామంది ఎంపీ కావాలని నామినేషన్ వేసినోళ్లు కాదు. మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, మా పిల్లల కాళ్లు వంకర పోతున్నయి, ఒక్కసారి మా దిక్కు చూడండి అని జల సాధన సమితి పిలుపుతో నిలబడినోళ్లు. ఆ తర్వాత ఢిల్లీ చేసిన పని ఏంది? లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచింది. నీళ్ల సంగతి తర్వాత, ముందు కాగితం పొడవు తగ్గించుకున్నరు.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు నీళ్లు ముందెందుకు వచ్చినయో మర్రిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపురం దిక్కు పోతే ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మది మర్రిగూడ మండలం. నలభై ఏండ్లకే ఆమె కింద కూసుంటే లేవలేకపోయేది. అందరం వాతం అనుకున్నం. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచితే పోదు, పైగా నీళ్లు ఆవిరై చిక్కబడుతది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కులేకుంటే 1.5 దాకా తాగొచ్చని మన దేశ ప్రమాణం. నల్లగొండ గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఖనిజాలు ఉన్నయి. వాటి సందుల్లో ఏండ్ల తరబడి నిలిచిన నీళ్లలో ఆ లెక్క రెండింతలు, మూడింతలు, ఇంకా ఎక్కువే దాటుతది. బోరు ఎంత లోతుకు పోతే సాధారణంగా అంత కష్టం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. జిల్లా పేరు ప్రపంచ పుస్తకాలకు ఎక్కింది, మందు మాత్రం జిల్లాలో నిలబడలే. రోజూ పటిక కొలిచి వేసే మనిషి కావాలె, అడుగున చేరే మడ్డి ఎత్తిపోసే మనిషి కావాలె. ఆ మనిషికి జీతం ఎవరిస్తరు? ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాల్సి ఉంటది.

రాష్ట్రం వచ్చింది. మిషన్ భగీరథ వచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభం అయింది. నల్లగొండ ఊర్లకు కృష్ణ నీళ్లు పైపుల్లో వచ్చినయి. పార్టీల మీద మీకు ఏ అభిప్రాయమన్నా ఉండనీయండి. బోరు నీళ్లు మాని నది నీళ్లు తాగడమే ఫ్లోరోసిస్‌కు అసలు మందు. ఆ మాట నేను ఎక్కడైనా ఒప్పుకుంటా.

మరి సెన్సార్లతో పనేంది? పైపు ఎప్పుడూ ఒక్క తీరుగ పారదు. ఎక్కడో లైను పగులుతది, మోటారు కాలుతది, ఎండాకాలం ఒత్తిడి తగ్గుతది. రెండు రోజులు నీళ్లు రాకపోతే ఊర్లో ఏం చేస్తరు? పాత బోరు అక్కడనే ఉంది, మోటారు అక్కడనే ఉంది, పైపు పాత ట్యాంకుకు అక్కడనే బిగించి ఉంది. స్విచ్ వేస్తరు. తప్పు పట్టలేం, జనానికి నీళ్లు కావాలె. అయితే ఆ ట్యాంకు నుంచి ఇంటింటికి పోయే నల్లా మాత్రం అదే. తిప్పిన ఆమెకు అది కృష్ణ నీళ్లో బోరు నీళ్లో ఎట్ల తెలుస్తది? చూస్తే తెల్వదు, తాగితే సరిగ తెల్వదు. కాగితాల మీద ఊరు ఫ్లోరైడ్ నుంచి బయటపడ్డదే.

ఇక్కడ మన ఐటీ బుర్ర వెంటనే అంటది: ఫ్లోరైడ్ సెన్సార్ పెడదాం. నేనూ మొదట అదే వెతికిన. ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ఉంది, లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో చేస్తరు. ల్యాబులో బ్రహ్మాండంగ పనిచేస్తది. కానీ నీళ్లలో ముందుగ ఒక బఫర్ ద్రావణం కలపాలె. లేకుంటే నీళ్లలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టుకొని దాస్తయి, రీడింగ్ తక్కువ చూపిస్తది. ధర వందల యూరోలు. అటువంటిదాన్ని ఓవర్‌హెడ్ ట్యాంకు మీద ఎండకు పెట్టి ఆరు నెలలు ఒంటరిగ వదిలేస్తే దేవుడే దిక్కు.

అందుకే ప్రశ్న మార్చిన. ఫ్లోరైడ్ ఎంత అని అడగొద్దు. ట్యాంకులో ఉన్నది నది నీళ్లా, బోరు నీళ్లా? అది అడుగుదాం. దీనికి చౌక జవాబు ఉంది: విద్యుత్ వాహకత. నీళ్లలో ఉప్పులు ఎంత ఎక్కువ కరిగితే కరెంటు అంత సులువుగ పోతది. రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లకు ఉప్పులు ఎక్కువ, శుద్ధి చేసిన నది నీళ్లకు తక్కువ. ఒక ఊర్లో రెంటినీ నాలుగైదు సార్లు కొలిస్తే ఆ ఊరికి రెండు సంఖ్యలు దొరుకుతయి. ఆ తర్వాత ట్యాంకులో రీడింగ్ ఒక సంఖ్య నుంచి రెండో సంఖ్య దిక్కు జరిగిందంటే, ఎవరో మోటారు స్విచ్ వేసిండ్రు. అంతే. ఫ్లోరైడ్ ఎంతుందో ఆ సెన్సార్‌కు తెల్వదు, తెలియాల్సిన పని లేదు. అది ఊరి కుక్క లెక్క. మొరుగుతది, దొంగ పేరు చెప్పదు. పేరు కనుక్కునేది మనిషి పని.

ఆ మనిషి ఉన్నదా? ఉన్నది. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లలో శిక్షణ ఇవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. చుక్క మందు వేస్తే రంగు మారుతది, ఆ రంగును కార్డుతో పోల్చాలె. ఫ్లోరైడ్‌కు, క్లోరిన్‌కు రెంటికీ పనికొస్తది. సెన్సార్ మొరిగిన రోజున ఆమెకు ఒక మెసేజ్ పోవాలె. ఆమె సీసా పట్టుకొని పోవాలె. ఎక్కువ వస్తే ఆ నమూనా జిల్లా ల్యాబుకు పోవాలె. రోజూ పరీక్ష చేయమంటే ఎవరూ చేయరు, వారానికోసారి చేస్తే స్విచ్ వేసిన రోజు దొరకదు. ఎప్పుడు చేయాల్నో చెప్పడానికే ఈ డబ్బా.

ఇప్పుడు ఈ దేశం సంగతి. మనం కూర్చున్న ఈ మాన్‌హైమ్ పక్కనుంచే రైన్ పోతున్నది. 1986 నవంబర్ 1 రాత్రి, పైన స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర ష్వైట్సర్‌హాలెలో సాండోజ్ కంపెనీ రసాయనాల గిడ్డంగి కాలింది. మంట ఆర్పిన నీళ్లు పురుగుమందులతో సహా నదిలోకి పోయినయి. రైన్ ఎర్రబడ్డది. వందల కిలోమీటర్ల దాకా చేపలు చచ్చినయి, ఈల్ చేపలైతే లక్షకు పైన. కింది ఊర్లు నది నుంచి తాగునీళ్లు తీసుకోవడం ఆపినయి. పైనోళ్లు కిందోళ్లకు తొందరగ చెప్పలేదని పెద్ద గొడవ అయింది. దాని తర్వాత రైన్ వెంబడి పర్యవేక్షణ కేంద్రాలు గట్టిపడ్డయి. ఇక్కడికి దగ్గర్లో వోర్మ్స్‌లో ఒకటి ఉంది. అక్కడ నది వెడల్పున నాలుగు చోట్ల నుంచి నీళ్లు లాగి చూస్తరు. నెకర్ ఇటు నుంచి కలుస్తది, లుడ్విగ్స్‌హాఫెన్ ఫ్యాక్టరీలు అటు ఉన్నయి, వోర్మ్స్ దాకా పోయినా నీళ్లు పూర్తిగ కలవవు. ఏ గట్టు నీళ్లు చెడ్డయో తెలిస్తే ఎవరిని అడగాల్నో తెలుస్తది. ఈ చిన్న తెలివి నాకు మస్తు నచ్చింది.

కానీ యంత్రాల కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బాసెల్ నుంచి నెదర్లాండ్స్ దాకా హెచ్చరిక కేంద్రాలు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాల్నో రాసిపెట్టిన పద్ధతి, విషం ఏ ఊరికి ఎన్ని గంటలకు చేరుతదో లెక్కగట్టే నమూనా. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే మనిషి పేరు ఆ కాగితంలో ఉంటది.

అట్లని జర్మనీలో అంతా సక్కగ ఉందని అనుకోవద్దు. 2022 ఆగస్టులో ఓడర్ నదిలో వందల టన్నుల చేపలు చచ్చినయి. ఫ్రాంక్‌ఫర్ట్ అంటే మన విమానాలు దిగే ఊరు కాదు, పోలండ్ సరిహద్దులో ఓడర్ ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. అక్కడి ఆటోమేటిక్ కేంద్రంలో ఆగస్టు 7 నుంచే వాహకత, పీహెచ్, ఆక్సిజన్ అన్నీ వింతగ పైకి పోయినయి. అక్కడి జనం కండ్లకు చచ్చిన చేపలు ఆ తర్వాతనే కనిపించినయి. పోలండ్ నుంచి ముందస్తు హెచ్చరిక అందలేదని జర్మనీ మంత్రి మొత్తుకున్నది. పాదరసం అని పుకారు లేచింది. చివరికి తేలింది ఏందంటే, నదిలో ఉప్పు పెరిగింది, ఉప్పు నీళ్లలో బతికే ఒక నాచు విపరీతంగ పెరిగి విషం వదిలింది. ఉప్పు పెరిగిందని చెప్పింది అదే వాహకత సెన్సార్, అన్నిట్ల చౌకది. నాచు అని చెప్పింది సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న శాస్త్రవేత్త. ఇద్దరూ కావాలె.

2021 జూలై 14న ఆర్ లోయలో వరద వచ్చినప్పుడు ఆల్టెనార్‌లోని నీటిమట్టం కొలిచే కేంద్రమే కొట్టుకపోయింది. నూట ముప్పై మందికి పైగ చనిపోయిండ్రు. సెన్సార్ మూగపోవడం కూడా ఒక రీడింగే. మన డబ్బా రెండు గంటలు మాట్లాడకపోతే, అంతా బాగుందని కాదు, వెంటనే పోయి చూడాలని అర్థం. ప్రోగ్రాంలో ఈ ఒక్క వాక్యం రాయనోళ్లు చాలామంది ఉన్నరు.

చౌక సెన్సార్ల మీద మనోళ్లకు రెండు రకాల అభిప్రాయాలు. ఒకరు ఇదే సర్వరోగ నివారిణి అంటరు, ఇంకొకరు ఆట బొమ్మ అంటరు. స్టుట్‌గార్ట్‌లో 2015లో కొందరు కుర్రాళ్లు ముప్పై యూరోల చిల్లర సామానుతో దుమ్ము కొలిచే డబ్బాలు చేసి బాల్కనీల్లో తగిలించిండ్రు. మంచు పడితే ఆ సెన్సార్ తప్పు చెప్తది, అది వాళ్లకూ తెలుసు. కానీ ఒకటి రెండు సర్కారు కేంద్రాల బదులు వీధి వీధికి ఒక సంఖ్య వచ్చింది, జనం అడగడం మొదలుపెట్టిండ్రు. ఇప్పుడది దేశాలు దాటింది. మ్యున్‌స్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు బడిపిల్లల కోసమే సెన్స్‌బాక్స్ అని ఒక పెట్టె చేసిండ్రు, దాని రీడింగులు అందరికీ కనిపించే మ్యాప్ మీదికి పోతయి. మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు పాత నీటి మీటర్ మీద కెమెరా పెట్టి అంకెలు చదివించిండ్రు. మీటర్ మార్చాల్సిన పని లేదు. అట్లాంటి తెలివి కావాలె.

ఇక హద్దుల సంగతి. ఈ మాట చెప్పకుండ పోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించిండ్రు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అది శుద్ధి అయిన తర్వాతి నీళ్లు! తర్వాత 2016 నవంబర్‌లో ఇక్కడి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం డాక్టర్లు జర్మన్ టీవీ వాళ్లతో కలిసి హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీసుకొచ్చి పరీక్ష చేసిండ్రు. అన్నిట్లో యాంటీబయాటిక్‌లో, ఫంగస్ మందులో దొరికినయి. ఒక నమూనాలో ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు దాదాపు 237 మిల్లీగ్రాములు. మన మెడికల్ షాపులో దొరికే ఒక గోళీ 150. అంటే ఒక లీటరులో గోళీన్నర. ఎక్కువ చోట్ల మందులకు లొంగని బ్యాక్టీరియా కూడా దొరికింది. 2017లో ఇక్కడి ఏఆర్‌డీ చానల్‌లో ఆ డాక్యుమెంటరీ వచ్చింది. మర్నాడు ఆఫీసులో, మీది హైదరాబాదే కదా అని నన్ను అడిగినోళ్లు ఉన్నరు.

ఆ నీళ్లలో నా డబ్బా పెడితే ఏం చెప్తది? వాహకత కొంచెం ఎక్కువ. అంతా బాగుంది అంటది. పెద్ద కంపెనీల పైపుల మీద ఆన్‌లైన్ మీటర్లు పెట్టమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. ఆ మీటర్లు కూడా ఆమ్లం, మురికి, ఆక్సిజన్ అవసరం లాంటివి చూస్తయి, మందును చూడవు. 2020 జనవరిలో యాంటీబయాటిక్స్ అవశేషాలకు హద్దులు పెడుతూ కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులే లేవు. ఎందుకు పోయినయో మీరు ఊహించుకోండి. ఇక్కడ సెన్సార్ పని చేయదు, ఇక్కడ చట్టం కావాలె, ల్యాబు కావాలె. జర్మనీలో ఉన్న మనకు ఒక ఆయుధం మాత్రం ఉంది. ఇక్కడి ఏఓకే ఆరోగ్య బీమా సంస్థలు యాంటీబయాటిక్స్ టెండర్లలో 2020 నుంచి ధర ఒక్కటే కాకుండ, ఫ్యాక్టరీ వ్యర్థ జలాలకు హద్దులు పాటిస్తమన్న కంపెనీలకు అదనపు మార్కులు ఇయ్యడం మొదలుపెట్టినయి. ఈ హాల్లో బీమా లేనోళ్లు ఎవరూ లేరు. మీ బీమా సంస్థకు ఒక ఉత్తరం రాయండి: మా గోళీ ఎక్కడ తయారైంది, అక్కడి నీళ్లను మీరు పరీక్షించిండ్రా అని. జర్మన్లు ఉత్తరానికి జవాబు ఇస్తరు, అది వాళ్ల బలహీనత.

మళ్లీ మర్రిగూడ ట్యాంకు దగ్గరికి పోదాం. నేను చేసిన పెట్టెలో ఒక మైక్రోకంట్రోలర్, లోరా రేడియో, వాహకత ప్రోబు, ఉష్ణోగ్రత సెన్సార్, బ్యాటరీ, చిన్న సోలార్ పలక ఉన్నయి. నాకైన ఖర్చు 74 యూరోలు. ఉష్ణోగ్రత ఎందుకంటే, నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కితే వాహకత దాదాపు రెండు శాతం పెరుగుతది. మన ఎండకు నల్ల ట్యాంకులో నీళ్లు పొద్దటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీలు మారితే, ఎవరూ ఏం చేయకుండనే రీడింగ్ ఇరవై శాతం పెరిగినట్టు కనిపిస్తది. సరిచేయకపోతే రోజూ మధ్యాహ్నం కుక్క మొరుగుతది. నాలుగో రోజు నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోరు. పీహెచ్ ఎలక్ట్రోడ్ మాత్రం పెట్టలే. దాన్ని నెలనెలా సరిచూడాలె, ఎండిపోతే చస్తది, ఏడాదికో కొత్తది కొనాలె. పెట్టకపోవడమే తెలివి. క్లోరిన్ సెన్సార్ చౌక కాదు, దానికి చుక్కల కిట్టే నయం.

జర్మనీలో కొని పట్టుకపోయేటోళ్లకు ఒక మాట. ఇక్కడి లోరా పరికరాలు 868 మెగాహెర్ట్జ్‌కు అమర్చి ఉంటయి. భారతదేశంలో లైసెన్స్ లేకుండ వాడుకునేది 865 నుంచి 868 దాకానే. అమరిక మార్చకుండ ఆన్ చేయొద్దు.

నేను అడిగేది పైసలు కాదు, అంటే పైసలూ కావాలె, కానీ అవి తేలిక. వంద డబ్బాలు పంపుదాం, వెబ్‌సైట్ పెడదాం, మంత్రితో రిబ్బన్ కట్ చేయిద్దాం అంటే నేను రాను. మనకు డ్యాష్‌బోర్డులంటే ప్రాణం, వాటిని రెండో ఏడాది ఎవరూ చూడరు. మూడు ఊర్లు, ఐదేండ్లు. అంతే. ఒక్కో ఊర్లో ఆ కిట్టు పట్టుకునే అక్కకు నెలకు ఎంతో కొంత గౌరవ వేతనం, నెలకోసారి ప్రోబును నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగి, 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో సరిచూసే పని ఆమెకే. నల్లగొండ టెక్నిక్ పటిక లేక ఆగిపోలే, పటిక వేసే మనిషికి జీతం లేక ఆగింది. రీడింగులు గ్రామ పంచాయతీవి, మనవి కావు. పంచాయతీ గోడ మీద ఒక బల్బు: పచ్చది ఉంటే నది నీళ్లు, ఎర్రది ఉంటే బోరు నీళ్లు. ఫోన్ లేని ముసలవ్వ కూడా చూసి బిందె పక్కకు పెట్టుకుంటది. సర్పంచుకు ఆ బల్బు ఇష్టం ఉండకపోవచ్చు. ఆ మాట మాట్లాడి ఒప్పించగల మనిషి కావాలె, టంకం పెట్టే మనుషులు మనకు మస్తు మంది ఉన్నరు.

ఇక్కడ నల్లగొండ, యాదాద్రి దిక్కు నుంచి వచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే మీ ఊరి ట్యాంకుకు పాత బోరు లైను ఇంకా బిగించి ఉందా అని ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి అడగండి. జవాబు నాకు చెప్పండి. ఊర్ల జాబితా అక్కడి నుంచే మొదలైతది.

డబ్బా ఆ బల్ల మీద పెట్టిన. పక్కన రెండు గ్లాసులు ఉన్నయి, ఒకదాంట్లో ఈ హాలు నల్లా నీళ్లు, ఇంకొకదాంట్లో అవే నీళ్లు చిటికెడు ఉప్పుతో. చాయ్ తాగుకుంట ప్రోబును ఒకదాంట్ల నుంచి ఇంకొకదాంట్లకు మార్చి చూడండి, బల్బు రంగు మారుతది. ఉప్పు గ్లాసు ఎడమ దిక్కుది, ఎవరూ తాగకండి.